చూస్తే గుర్తొస్తుంది, మూస్తే రాదు

జేబులో పది రూపాయల నోటు ఉంటే బయటికి తీయకండి. దాని వెనక ఏ గుడి బొమ్మ ఉందో చెప్పండి. 2018లో వచ్చిన ఆ చాక్లెట్ రంగు నోటును ఎన్ని వందల సార్లు లెక్కపెట్టి ఇచ్చి ఉంటారో, అయినా చాలామంది ఇక్కడ తడుముకుంటారు. అది కోణార్క సూర్యదేవాలయం. కొత్త ఇరవై వెనక ఎల్లోరా, కొత్త వంద వెనక గుజరాత్‌లోని రాణీ కీ వావ్ అనే దిగుడు బావి. ఇప్పుడు నోటు తీసి చూస్తే ‘ఓ, ఇదే కదా’ అనిపిస్తుంది. చదువులో మోసం జరిగేది సరిగ్గా ఆ ‘ఇదే కదా’ దగ్గరే.

1979లో అమెరికాలో నికర్సన్, ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సెంటు నాణెం మీద ఏమేముందో గీయమని అడిగితే, రోజూ దాన్ని వాడేవాళ్ళే సరిగ్గా గీయలేకపోయారు. మతిమరపు కాదది. పదిని ఇరవై నుంచి వేరు చేయడానికి రంగూ సైజూ చాలు, కాబట్టి మెదడు అంతవరకే దాచుకుంది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా తెచ్చుకోవడం వేరు. పుస్తకం నాలుగోసారి తిరగేస్తుంటే చదువు జారుడుబండ మీద జారినట్టు సాగుతుంది. ఆ సులువును మనం ‘వచ్చేసింది’ అనుకుంటాం. పరీక్ష హాల్లో మాత్రం ‘యాడో చదివానబ్బా, గుర్తుకు రావటంలా’ అని పెన్ను కొరుకుతాం.

దీన్ని అంకెల్లో చూపించినవాళ్ళు రోడిగర్, కార్పికీ. 2006లో అచ్చయిన వాళ్ళ ప్రయోగంలో ఒక గుంపు పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక విడత చదివి, మూడు విడతలు పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్ళదే పైచేయి, 83 శాతానికి 71. వారం తర్వాత అడిగితే తిరగబడింది. చదివినవాళ్ళకు 40 శాతం, మూసి రాసినవాళ్ళకు 61. రేపు పొద్దున్నే పరీక్ష అనుకునేవాళ్ళకు తిరగేయడమే మేలనిపించడానికి కారణం ఆ మొదటి అంకె. డీఎస్సీకో గ్రూప్స్‌కో నెలల తరబడి చదివేవాళ్ళకు లెక్కలోకి వచ్చేది రెండోది.

కన్ను పేజీ మొత్తాన్ని చూడదు

ముందు ఒక చిన్న పని చేయండి. రూళ్ళ కాగితం మీద ఎడమ పక్క ఒక + గుర్తు, దానికి సరిగ్గా 8 సెంటీమీటర్లు కుడి పక్క సెంటీమీటరు వెడల్పు నల్ల చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో + గుర్తునే చూస్తూ కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం నుంచి మెల్లగా దగ్గరికి తెచ్చుకోండి. ముఖానికి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో చుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరికి తెస్తే మళ్ళీ కనబడుతుంది. మాయం కాలేదంటే మీ చూపు + మీద నుంచి చుక్క మీదికి జారినట్టే. లేదా తప్పు కన్ను మూశారు.

కంటి వెనక తెర (రెటీనా) నుంచి నరం బయటికి పోయే చోట కాంతిని పట్టే కణాలు ఉండవు, చుక్క బొమ్మ అక్కడ పడినప్పుడు కనబడదు. వింత అది కాదు. చుక్క పోయిన చోట నల్లటి గుంట కూడా కనబడదు, రూళ్ళు కలిసిపోయి కనిపిస్తాయి. చుట్టూ ఉన్నదాన్ని బట్టి మెదడు ఊహించి పూడ్చేసింది.

ఈ పూడ్చుడు పని రోజంతా సాగుతూనే ఉంటుంది. ఒక కంటి రెటీనాలో కాంతిని పట్టే కణాలు సుమారు 12 కోట్లకు పైనే. అక్కడి నుంచి మెదడుకు పోయే నరంలో పోగులు మాత్రం 10 లక్షల చిల్లర. ఏదో ఒకటి వదిలేయక తప్పదు. చెయ్యి చాచి బొటనవేలి గోరు చూడండి. ఇంచుమించు ఆ గోరంత మేర మాత్రమే మనకు నిజంగా పదునుగా కనిపిస్తుంది, మిగతాదంతా మసక. కన్ను సెకనుకు మూడు నాలుగు సార్లు ఎగిరెగిరి వాలుతూ ఆ ముక్కలను అందిస్తుంటే, మెదడు అతికి ‘పేజీ మొత్తం చూశాను’ అనే భావన కలిగిస్తుంది.

కాబట్టి పన్నెండు పేర్లున్న కిడ్నీ బొమ్మ మీద రెండు సెకన్లు చూపు తిప్పితే మీరు నిజంగా చూసింది ఆరేడు చోట్లే. మిగతావి మెదడు పూడ్చినవి. అందుకే బొమ్మను ఎప్పుడూ ఒక వరసలో చూడాలి. పై నుంచి కిందికో, గడియారం ముల్లు తిరిగే వైపో, రక్తం పారే దారిలోనో. ఆ వరసే తర్వాత గీసేటప్పుడు తాడులా పనికొస్తుంది.

పటం నేర్చుకునే పద్ధతి

ఒంగోలు, నెల్లూరు వైపు మన తీరంలోని ఏర్లతో చేసి చూద్దాం. ఉత్తరం నుంచి దక్షిణానికి గుండ్లకమ్మ, మూసి (హైదరాబాద్ మూసీ కాదు), పాలేరు, మన్నేరు, పెన్నా, ఇంకా కిందికి స్వర్ణముఖి. పెన్నా మీద ఎగువ నుంచి దిగువకు సోమశిల, సంగం, నెల్లూరు. మొత్తం తొమ్మిది పేర్లు.

తొమ్మిదీ ఒక్కసారి మింగలేం. అప్పటికప్పుడు మనసులో పట్టుకునే చోటు చాలా చిన్నది. 1956లో జార్జ్ మిల్లర్ ఏడుకు రెండు అటూ ఇటూ అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ లెక్క సరిచేసి నాలుగు దగ్గర ఆపాడు. ఆ నాలుగూ విడి అంకెలే కానక్కర్లేదు, మూటలైనా పర్వాలేదు. పది అంకెల ఫోన్ నంబరును రెండు ఐదులుగా చెప్పుకుంటామే, అదే కిటుకు. ఇక్కడ గుండ్లకమ్మ, మూసి, పాలేరు ఒక మూట. మన్నేరు, పెన్నా, స్వర్ణముఖి ఇంకొకటి. పెన్నా మీది మూడు ఊళ్ళు మూడోది.

పటాన్ని ఒక నిమిషం వరసగా చూసి మూసేయండి. తెల్ల కాగితం మీద ముందు తీరం గీత, తర్వాత ఏర్లు, చివర పేర్లు. మూడు నిమిషాల కన్నా ఎక్కువ వద్దు. రాకపోయినా పుస్తకం తెరవకుండా ఒక్క అర నిమిషం గింజుకోండి. నేర్చుకోవడంలో బరువైన పని జరిగేది ఆ గింజులాటలోనే. తర్వాత పుస్తకం తెరిచి, తప్పినవి మాత్రం ఎర్ర పెన్నుతో దిద్దండి. పది నిమిషాలు వేరే పని చేసి, కొత్త కాగితం మీద మళ్ళీ గీయండి. మూడోసారి మర్నాడు పొద్దున.

ఇందులో మామూలుగా మూడు చోట్ల చెడుతుంది. పుస్తకం పక్కన తెరిచి పెట్టుకుని చూస్తూ గీయడం మొదటిది. అది చేతికి కసరత్తు, జ్ఞాపకానికి కాదు. రెండోది, నీటుగా షేడింగులు, రంగులు దిద్దుతూ కూర్చోవడం. గంట పోతుంది, గుర్తు తెచ్చుకున్నది ఐదు నిమిషాలే. మూడోది తప్పును రబ్బరుతో చెరిపేయడం. ఎర్ర దిద్దుబాటు కనబడాలి. రేపు ముందు చూసుకోవాల్సింది దాన్నే.

కళ్ళు మూసుకుంటే ఏ బొమ్మా కనబడని వాళ్ళు కొందరుంటారు. దానికి 2015లో అఫాంటేసియా అని పేరు పెట్టారు. తెలివితక్కువతనం కాదది. అలాంటివాళ్ళు మనసులో చూడబోయి అలసిపోకుండా నేరుగా కాగితం మీద గీసుకోవాలి, ఏర్ల వరసను మాటల్లో చెప్పుకోవాలి. ఇక ‘నేను విజువల్ లెర్నర్, నువ్వు ఆడియో లెర్నర్’ అని మనుషులను వర్గాలుగా విడగొట్టే మాట గురించి: ఏ వర్గం వాళ్ళకు ఆ తరహాలో చెబితే బాగా వస్తుందన్నదానికి గట్టి ఆధారం దొరకలేదు. పటాన్ని అందరూ గీయాలి, పద్యాన్ని అందరూ పైకి చదవాలి.

మరుపు, గడువు, చెప్పుల డబ్బా

జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో తన మీద తానే చేసుకున్న ప్రయోగాలు ప్రచురించాడు. అర్థం లేని అక్షరాల వరసలు కంఠస్థం చేసి, మళ్ళీ నేర్చుకోవడంలో ఎంత శ్రమ తగ్గిందో కొలిచాడు. గంటకే మిగులు సగానికి తక్కువ, ఒక రోజుకు మూడో వంతు, నెలకు ఐదో వంతు. అర్థమున్న పాఠం అంత వేగంగా జారదు కానీ తీరు అదే. మొదట్లో నిట్టనిలువు, తర్వాత వాలు. కాబట్టి మొదటి తిరుగుడు ఆలస్యమైతే నష్టం ఎక్కువ, పదోది ఆలస్యమైనా పెద్దగా పోయేదేమీ లేదు.

పరికరం చెప్పుల డబ్బా. ఎ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలుగా కత్తిరించి, ముందు ప్రశ్న, వెనక జవాబు రాయండి. డబ్బాలో అట్టముక్కలు అడ్డం పెట్టి ఐదు అరలు చేయండి. మొదటి అర రోజూ, రెండోది 3 రోజులకు, మూడోది వారానికి, నాలుగోది రెండు వారాలకు, ఐదోది నెలకు ఒకసారి. జవాబు వస్తే కార్డు తర్వాతి అరకు, తప్పితే ఏ అరలో ఉన్నా మొదటిదానికే. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ 1970ల్లో జనంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఫోన్ యాప్‌లు చేసేదీ ఇంచుమించు ఇదే. డబ్బాకు నోటిఫికేషన్లు రావు, అదొక్కటే తేడా.

రోజుకు 20 కొత్త కార్డులు చాలు. ఉత్సాహం కొద్దీ రోజుకు 100 రాస్తే, నెల తిరిగేసరికి తిరగేయాల్సినవి కొండలా పేరుకుని డబ్బా మంచం కిందికి పోతుంది. రోజుకు 20 దగ్గర ఆగితేనే నెల తర్వాత రోజుకు 80, 100 దాకా వస్తాయి. అరగంట పని.

కార్డు చెడిపోయేది ఎక్కువగా రాయడంలోనే. ‘సోమశిల గురించి రాయండి’ అనేది కార్డు కాదు, వ్యాసం. ‘సోమశిల ఏ నది మీద?’ ఒక కార్డు, ‘సోమశిల నీళ్ళు ఏ జలాశయం మీదుగా చెన్నైకి పోతాయి?’ ఇంకో కార్డు. జవాబు ఒక్క ముక్క ఉండాలి, ఇక్కడ కండలేరు. తిప్పేముందు జవాబు పైకి అనాలి, మనసులో ‘తెలుసులే’ అనుకుని తిప్పితే పది రూపాయల నోటు కథే. కార్డుల వరస మారుస్తూ ఉండాలి కూడా. లేకపోతే ‘కండలేరు తర్వాత వచ్చేది పెన్నా’ అని కార్డు స్థానాన్ని నేర్చుకుంటారు, విషయాన్ని కాదు.

పరీక్ష ఎంత దూరంలో ఉంటే మధ్య ఎడం అంత పెంచవచ్చు. వారంలో పరీక్ష అయితే ఒకటి రెండు రోజుల ఎడం, ఏడాది దాకా నిలవాలంటే సుమారు మూడు వారాలు. ఒక్కరాత్రి పది గంటలు కూర్చోవడం కన్నా అదే పదిగంటలను పది రోజులకు పంచితే లాభం. ఈ మాట ప్రతి స్టడీ అవర్‌లోనూ చెబుతారు, టైంటేబుల్ మాత్రం ఒక సబ్జెక్టును ఒకేరోజు ఊడ్చేసేలా వేస్తారు.

ఒంగోలు నుంచి బిట్రగుంట దాకా ఆరు హక్కులు

వరస తప్పకుండా జాబితా చెప్పాలంటే దారిని వాడుకోవడం పాత కిటుకు. దీనికి బలం హిప్పోకాంపస్ నుంచి వస్తుంది. చెవుల పైభాగానికి లోపలగా, మెదడు అడుగున రెండు పక్కలా ఉండే భాగం అది. ఒక్కో చోటికి వెళ్ళినప్పుడు ఒక్కో కణాల గుంపు అందులో మేల్కొంటుంది. ఆ కణాలను కనిపెట్టినందుకు జాన్ ఓ’కీఫ్‌కు, దానికి పక్కనే దూరాలను గళ్ళలా కొలిచే కణాలను కనిపెట్టిన మోసర్ దంపతులకు 2014లో నోబెల్ వచ్చింది. చోట్లను గుర్తుంచుకునే ఈ యంత్రాంగానికే కొత్త జ్ఞాపకాలను కూర్చే పని కూడా ఉంది. అందుకే చోటుకు తగిలించిన విషయం త్వరగా ఊడిపోదు.

ప్యాసింజర్‌లో తిరిగేవాళ్ళకు ఒంగోలు, టంగుటూరు, సింగరాయకొండ, ఉలవపాడు, కావలి, బిట్రగుంట కళ్ళు మూసుకున్నా తెలిసిన వరస. రాజ్యాంగంలోని ఆరు ప్రాథమిక హక్కులను దీనికి తగిలిద్దాం. ఒంగోలు ప్లాట్‌ఫాం మీద పెద్ద తక్కెడ, రెండు పళ్ళేల్లో రెండు ఒంగోలు గిత్తలు, ముల్లు నడిమధ్యన. సమానత్వ హక్కు, 14 నుంచి 18 అధికరణలు. టంగుటూరు రాగానే ప్రకాశం పంతులు తుపాకికి ఎదురుగా చొక్కా విప్పి రొమ్ము చూపిస్తున్నాడు. స్వేచ్ఛ, 19 నుంచి 22. సింగరాయకొండలో నరసింహస్వామి కొండ దిగి వచ్చి, కూలీల జీతం ఎగ్గొట్టిన మేస్త్రీని గోళ్ళతో పట్టుకున్నాడు. దోపిడీ నుంచి రక్షణ, 23, 24. ఉలవపాడు మామిడిపళ్ళ బుట్ట ఒకటే, గుడి ముందు, మసీదు ముందు, చర్చి ముందు తలా కొన్ని పంచుతున్నారు. మత స్వేచ్ఛ, 25 నుంచి 28. కావలి కాలేజీ గేటు ముందు పుస్తకాలు పట్టుకుని కోలాటం ఆడుతున్నారు. సాంస్కృతిక, విద్యా హక్కులు, 29, 30. బిట్రగుంట లోకో షెడ్‌లో చెడిపోయిన ఇంజన్‌కు రిపేరు జరుగుతోంది. రాజ్యాంగ పరిహారం, 32.

బొమ్మ ఎంత విడ్డూరంగా ఉంటే అంత మంచిది కానీ విషయంతో ముడి ఉండాలి. రిపేరుకూ పరిహారానికీ ఉన్న ముడి లాంటిది. ఊరికే ఏనుగు డాన్సు చేస్తోందని పెడితే ఏనుగు గుర్తుంటుంది, హక్కు పోతుంది. ఒకే దారిలో అదే వారం రెండు జాబితాలు పెడితే కలగాపులగమవుతాయి. రెండోదానికి మీ ఇంటి గేటు, అరుగు, తులసికోట, వంటిల్లు వాడండి. మీకు తెలియని దారి వాడొద్దు. ఆ రైలు ఎక్కనివాళ్ళకు పై వరస ఇంకో బట్టీ అవుతుందే తప్ప ఊతం కాదు. ఇంకొకటి, ఇది వరసకు పనికొస్తుంది కానీ అర్థానికి కాదు. 21వ అధికరణ ఏమంటుందో ప్రకాశం పంతులు బొమ్మ చెప్పదు.

అవధానంలో ధారణ చూసినవాళ్ళకు ఇంకో రకం ఊతం తెలుసు. వృత్తాల్లో, కందంలో పాదపాదానా రెండో అక్షరం ప్రాసగా తిరిగొస్తుంది, యతి ఎక్కడ పడాలో ముందే ఖాయం. పాదం మరిచిపోయినా ఏ అక్షరంతో వెతకాలో పద్యమే చెబుతుంది. బడి పిల్లలకు అలాంటి పద్యం నేర్పేటప్పుడు ఆ ప్రాసాక్షరం కింద గీత గీయించండి, తడబాటు చాలావరకు పోతుంది.

కంటికి గురి కుదరాలంటే

చెరువు గట్టు మీద రొయ్యను చూసి ‘నలభై కౌంట్’ అనేవాళ్ళు, కొండపి వేలంకేంద్రంలో పొగాకు ఆకును చూసి గ్రేడ్ చెప్పేవాళ్ళు సూత్రాలు వల్లించరు. చూసీ చూసీ, మెదడు వెనక భాగంలో చూపు పని చూసే పైపొర, అంటే దృష్టి కార్టెక్సే తేడాలకు పదునెక్కుతుంది. దీన్ని వేగంగా నేర్చుకునే మార్గం ఉంది.

రొయ్యతో అయితే డిజిటల్ తూకం ఒకటి చాలు. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు అని. 1000ని ఒక రొయ్య గ్రాములతో భాగిస్తే వస్తుంది. 25 గ్రాములుంటే 40 కౌంట్, 10 గ్రాములుంటే 100. కళ్ళు మూసుకుని ఒకటి తీసి, ముందు కౌంట్ పైకి చెప్పి, తర్వాత తూకం వేయండి. మొదట 30, 60 లాంటి పెద్ద తేడాలతో మొదలుపెట్టి, 40, 45 దాకా దిగండి. జవాబు వెంటనే తెలియాలి. సాయంత్రం లెక్క చూసుకుందాం అంటే కంటికి ఏమీ అందదు. పూటకు 20 నిమిషాలు చాలు, తర్వాత కన్ను అలిసి ఊహకు దిగుతుంది.

కలిపి చూడటం ముఖ్యం. అంతా ఒక సైజు అయ్యాక ఇంకో సైజు చూస్తే సులువుగా అనిపిస్తుంది కానీ తేడా పట్టుబడదు. కోర్నెల్, బ్యోర్క్ 2008లో చిత్రకారుల శైలులతో ఇది చూపించారు. కలగలిపి చూసినవాళ్ళే కొత్త బొమ్మలను బాగా గుర్తుపట్టారు. తమాషా ఏమిటంటే, వాళ్ళలో చాలామంది ఒక్కో చిత్రకారుణ్ణి విడిగా చూడటమే మేలని చివరిదాకా నమ్మారు. ఆకుతెగుళ్ళు, మైక్రోస్కోప్ స్లైడులు, ఎక్స్‌రేలు నేర్చుకునేవాళ్ళకూ ఇదే పద్ధతి. రంగుతో పని ఉన్నచోట వెలుతురు మార్చకండి. పసుపుపచ్చ బల్బు కింద నేర్చిన ఆకు రంగు పగటి వెలుతురులో దారి తప్పిస్తుంది.

నిద్ర, చేతిపని

1953లో మూర్ఛలు తగ్గించడానికి హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు రెండు పక్కలా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా కొత్త మనిషిని చూస్తే కాసేపటికే మరిచిపోయేవాడు. కానీ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం బ్రెండా మిల్నర్ నేర్పిస్తే రోజురోజుకూ చెయ్యి తిరిగింది, నిన్న గీసిన సంగతి మాత్రం గుర్తులేదు. విషయాల జ్ఞాపకం వేరు, చేతిపని జ్ఞాపకం వేరు అని అలా తేలింది. లెక్కల వీడియో చూసి ‘అర్థమైంది’ అనుకోవడం మొదటి రకం, లెక్క చేయడం రెండోది. వీడియో ఆపి మిగతా మెట్లు మీరే చేయకపోతే అది సినిమా చూసినట్టే.

పగలు నేర్చింది గాఢనిద్రలో హిప్పోకాంపస్‌లో మళ్ళీ మళ్ళీ ఆడుతుంది, మెల్లగా మెదడు పైపొర కార్టెక్స్‌లోకి చేరుతుంది. తెల్లవారుజామున మూడింటికి లేపి చదివించడం అంటే వంట దించకముందే పొయ్యి ఆర్పడం. పడుకునే ముందు కొత్త పాఠం వద్దు, ఆరోజుదాన్ని పదిహేను నిమిషాలు పుస్తకం లేకుండా గుర్తు తెచ్చుకుని ఏడు గంటలకు తగ్గకుండా పడుకోండి. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది కాబట్టి చివరి టీ సాయంత్రం నాలుగింటికే ముగించండి.

ఇన్ని చేసినా హాల్లో ఒక ముక్క రాకపోవచ్చు. అదే ప్రశ్నను తదేకంగా చూస్తూ కూర్చుంటే తప్పు జవాబే పదేపదే వచ్చి దారికి అడ్డం నిలుస్తుంది. పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని వదిలేయండి. రెండు ప్రశ్నలు రాశాక తిరిగొచ్చి, ఆ పాఠం ఏ కాగితం మీద గీశారో, ఎర్ర పెన్ను ఎక్కడ పడిందో, దాని ముందు స్టేషన్ ఏదో తలుచుకోండి. అప్పటికీ రాకపోతే ఆ ముక్క వదిలేసి వచ్చినంతవరకు రాయండి.